‘తర్వాతేటి?’ అనే మనిషి

మాస్టారు పోయారన్న కబురు నాకు ఘాట్‌శిలా స్టేషన్లో రైలు ఆగినప్పుడు అందింది. ముందురోజు సాయంత్రం కోల్‌కతాలో ఒక పూల్ మ్యాచ్ ఓడిపోయి, పొద్దున్నే బయల్దేరి జంషెడ్‌పూర్ వస్తున్నాను. బల్ల మీద బంతులు కొట్టే నా క్యూ కర్ర రెండు ముక్కలుగా విప్పి సంచిలో, సంచి ఒళ్ళో. ఫోన్ చేసింది ఆయన కూతురు. మేమంతా తెలుగువాళ్ళమే అయినా ఆ అమ్మాయి మాటలన్నీ హిందీలోనే. "భయ్యా, పాపా నహీ రహే" అంది. టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేశారట. సగం టీ గ్లాసులో అలాగే ఉందట.

నేను బదులు ఏం చెప్పానో గుర్తు లేదు. మీకు విడ్డూరంగా ఉండొచ్చు గానీ, ఆ నిమిషంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన మాత్రం గుర్తుంది. మరి నా మ్యాచ్ ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

ఇది అర్థం కావాలంటే మాస్టారి గురించి కొంచెం చెప్పాలి. ఆయన టాటానగర్ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మా నాన్నలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనిషి. కుర్రతనంలో రైల్వే వాళ్ళ క్లబ్బులో బిలియర్డ్స్ బల్ల దగ్గర నిలబడి నేర్చుకున్నారు. తర్వాత పూల్ ఆట వచ్చాక అందులో పడి, సెలవులు పెట్టుకుని ఊళ్ళు తిరిగి పోటీలు ఆడారు. రిటైరయ్యాక బిర్సానగర్‌లో టైర్ల షాపు మీద మేడ అద్దెకు తీసుకుని రెండు బల్లలు వేశారు. హాలుకి వచ్చే హిందీ కుర్రాళ్ళు ఆయన్ని చాచా అనేవారు. మేము నలుగురైదుగురు తెలుగువాళ్ళం మాస్టారు అనేవాళ్ళం. కింద టైరు విప్పుతున్న దెబ్బలు, పైన బంతుల టకటకలు, ఈ రెండింటి మధ్య ఆయన దగ్గు. నా సాయంత్రాలన్నీ ఆ చప్పుళ్ళలోనే గడిచాయి.

నేను అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు కాంట్రాక్టు పనిలో కొత్తగా చేరి ఉన్నాను. ఆట కొంచెం వచ్చు. కోపం బాగా వచ్చు. ఎవడో నన్ను ఓడించాడు, నేను కర్ర మొదలుతో నేలను ఒక్క పోటు పొడిచాను. మూల కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన తల ఎత్తలేదు.

"ఏట్రా బాబూ, నేలేటి సేసింది నిన్ను?" అన్నారు.

తెలుగు మాట వినేసరికి సిగ్గేసింది. ఆయన లేచి ఒక ఇనుప కుర్చీ బల్లకి కాస్త దూరంగా లాగి వేశారు. దానికి చేతులు లేవు. ఆయనే కోయించేశారని తర్వాత తెలిసింది.

"ఆడ్డం ఎవడైనా నేర్పుతాడు. ముందు కూకోడం నేర్సుకో" అన్నారు.

పూల్ ఆటలో ఒక చిత్రం ఉంది. అవతలివాడు బంతులు గుంతల్లో వేస్తున్నంతసేపూ ఇవతలివాడికి పని లేదు. క్రికెట్‌లోలాగా బంతి ఆపడానికి పరిగెత్తేది లేదు, కబడ్డీలోలాగా కాలు పట్టుకునేది లేదు. కుర్చీలో కూర్చుని తన ఓటమి తయారవుతుంటే చూడాలి. వాడు తప్పితేనే మనం లేవాలి. తప్పకపోతే, అంతే. వారం రోజులు మాస్టారు నా చేత కర్ర ముట్టించకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పాదాలు రెండూ నేలకి ఆనాలి. కర్ర మోకాళ్ళ మధ్య నిటారుగా ఉండాలి. ఫోన్ తియ్యకూడదు, పైకప్పు చూడకూడదు, మొహం తుడుచుకోకూడదు. నిట్టూర్చానో, పట్టేసేవారు.

"నువ్వొక్కసారి ఉస్సురన్నావంటే ఆడికి ఓ బంతి ఇచ్చినట్టే."

ఇంకో రోజు నేను అడిగాను, ఇంతసేపు కూర్చుంటే పిచ్చెక్కుతోంది మాస్టారూ, ఏం చెయ్యాలి అని. ఆయన చెప్పారు. "టేబుల్ కాడున్నోడికి బంతులున్నాయి, కర్రుంది, పనుంది. కుర్సీలో ఉన్నోడికేటుంది? ఆడికి ఆడే. నీతో నువ్వు కూకోలేకపోతే ఈ ఆటొద్దు, ఎల్లి కేరమ్స్ ఆడుకో."

కేరమ్స్ వాళ్ళు నన్ను క్షమించాలి.

ఒక వానాకాలం మధ్యాహ్నం హాల్లో చిన్న పోటీ జరుగుతోంది. ఆఖరి ఆట సగంలో కరెంటు పోయింది. బయట మబ్బు ఎంత కమ్ముకుందంటే బల్ల మీద ఏ బంతి ఏదో తెలియడం లేదు. ఆడుతున్నవాడు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. రెండో కుర్చీలో నేనున్నాను. ఇద్దరం ఎదురెదురుగా కర్రలు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు టీకని కిందికి దిగిపోయారు. మాస్టారు మా మధ్య ముక్కాలి పీట వేసుకుని, చీకట్లోనే శనక్కాయలు ఒలిచి, ఒక గింజ నాకు, ఒక గింజ వాడికి ఇస్తూ కూర్చున్నారు. వాన తగ్గి కరెంటు వచ్చేదాకా అలాగే ఉన్నాం. ఆ పోటీ ఎవరు గెలిచారో ఇప్పుడు నాకు గుర్తు లేదు. శనగింజలు గుర్తున్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మాస్టారి దగ్గర ఒక ఆచారం ఉండేది. శిష్యుల్లో ఎవడికైనా బయట మ్యాచ్ ఉంటే, అది మొదలయ్యే వేళకి ఆయన తన కర్ర రెండు ముక్కలూ తీసి బిగించి, తన కుర్చీలో కూర్చునేవారు. ఆ బిగించడం కూడా ఒక వేడుక. ఫిట్టరు చెయ్యి కదా, బోగీకి నట్టు బిగించినట్టు బిగించేవారు. తర్వాత విప్పాలంటే మాలాంటివాళ్ళకి అరచేతులు ఎర్రబడేవి. పూల్ ఆడేవాడెవడూ బిగించిన కర్రని గోడకి ఆనించి వదిలెయ్యడు, వంగిపోతుందని భయం. మేము ఎవరమైనా అలా వదిలేస్తే ఆయన ఇల్లెగిరిపోయేలా తిట్టేవారు. ఆయన కర్ర మాత్రం మ్యాచ్ ఆడినవాడు తిరిగి వచ్చేదాకా అలాగే ఉండేది. వాడు వచ్చి, ఎదురుగా కూర్చుని, మ్యాచ్ మొత్తం మొదటి ఆట నుంచి ఆఖరి బంతి దాకా నోటితో చెప్పాలి. చెప్పడం అయ్యాకే ఆయన కర్ర విప్పేవారు.

గెలిచినవాళ్ళ కథ ఆయనకి అంతగా పట్టేది కాదు. "బాగుంది, టీ తాగు" అనేవారు. ఓడినవాడు వస్తే మాత్రం హాల్లో దీపాలు రెండు ఆర్పించి, పొయ్యి మీద టీ పెట్టేవారు. చెప్పడానికి ఒకటే నియమం.

"ముందు ఆడి మంచి షాటు సెప్పు. తర్వాత నీ ఏడుపు."

అవతలివాడు చేసిన మంచి పని ఒకటి చెప్పకుండా మన గోడు మొదలుపెట్టనిచ్చేవారు కాదు. గుర్తు రాకపోతే కూర్చోవాలి, టీ చల్లారిపోయినా సరే. గుర్తొచ్చాక మనం చెప్పుకుంటూ పోతుంటే ఆయన ఒక్క సలహా ఇచ్చేవారు కాదు. ఆ బంతి అలా ఎందుకు కొట్టావని అడిగేవారు కాదు. మధ్యమధ్యలో, "ఊఁ. తర్వాతేటి?" అనేవారు. అంతే. ఆ రెండు మాటలకి ఎంత బరువు దిగేదో చెప్పలేను. మన ఇళ్ళల్లో ఓడిపోయి వస్తే, పోనీలే అంటారు, లేకపోతే నేను ముందే చెప్పానంటారు. తర్వాతేమిటని ఎవరూ అడగరు.

అలాగని ఆయన్ని మహానుభావుణ్ణి చేసి కూర్చోబెట్టను. ఆయన వింటే నవ్వుతారు. ఇంట్లో కూతురితో లూడో ఆడి ఓడిపోతే ఆయన అన్నం దగ్గర అలిగేవారు. ఆ అమ్మాయే చెప్పింది. కంచం ముందు కూర్చుని, చెయ్యి కలపకుండా, గోడవైపు చూసేవారట. అప్పుడు ఆ అమ్మాయి, "అచ్ఛా పాపా, తర్వాతేటి?" అనేదట. ఆ పిల్లకి తెలుగులో గట్టిగా వచ్చిన మాటల్లో ఇది ఒకటి. అప్పుడాయన తన పచ్చ పావు ఎక్కడ చచ్చిందో మొదలుపెట్టి అంతా చెప్పుకుని, చారు పోసుకునేవారట.

ఈ ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పారు. రాంచీలో చాలా అన్యాయంగా ఓడిపోయానని నేననుకున్న ఒక మ్యాచ్ చెప్పడం ముగించాను. ఆయన కర్ర విప్పబోయి ఆగారు. "ఇయ్యాల నాదొకటి సెప్తాను, ఇను" అన్నారు.

నలభై దాటాక ఆయన బొంబాయిలో పెద్ద పోటీకి వెళ్ళారు. చివరిదాకా సమానంగా వచ్చింది ఆట. తొమ్మిదో బంతి ఎవడు వేస్తే వాడిదే గెలుపు.

"ఆడి వంతు. బంతి గుంత ముందరే ఉంది. కళ్ళు మూసుకు కొట్టినా పడిపోద్ది. నాకు ఒళ్ళు మండిపోనాది. ఇంకేటి సూత్తాంలే అని, కూకునే కర్ర విప్పీసినాను."

ఆయన ఆగిపోయారు. నాకు తోచి, "తర్వాతేటి మాస్టారూ?" అన్నాను.

"ఆడు తప్పీసినాడు. బంతి గుంత మూతి మీద నిలబడిపోనాది. నాను లేసినాను. రిఫరీ నా సేతులకాసి సూసినాడు. రెండు సేతుల్లో రెండు ముక్కలు."

ఆఖరి ఆటలో, అవతలివాడు ఇంకా ఆడుతుండగా కర్ర విప్పితే ఓటమి ఒప్పుకున్నట్టే. అది ఈ ఆటలో రాసి ఉన్న నియమం. గుంత అంచున నిలబడ్డ ఆ బంతిని చిన్నపిల్లవాడైనా తోసేస్తాడు. మాస్టారికి ఆ అవకాశం లేకపోయింది.

"తర్వాతేటి?" అన్నాను.

"తర్వాతేటి. రైలెక్కీసినాను. ఇంటికొచ్చి ఓడిపోనాను అన్నాను. ఏటయ్యిందని మా ఇంటిది అడగనేదు. అడిగితే కొడతాననుకుందేమో, నా మొగం అలాగుంది. నాను సెప్పనేదు. ఎవలికీ సెప్పనేదు. అది లోపల అలాగే ఉండిపోనాది. ఓడిపోడం కాదురా, సెప్పుకోకపోడం అది."

ఆ మాట అన్నాక ఆయన కర్ర విప్పారు. నేను టీ గ్లాసులు కడిగి పెట్టి ఇంటికి వచ్చేశాను. ఆయన భార్య అప్పటికే పోయారు. ఆ కథ విన్నవాణ్ణి నేనొక్కణ్ణేనని ఇప్పుడు తెలుస్తోంది.

కోల్‌కతాలో నేను ఆడిన మ్యాచ్ మామూలు మ్యాచ్ కాదు. గెలిచి ఉంటే వచ్చే ఏడాదికి దేశమంతా తిరిగి ఆడే ప్రొఫెషనల్స్‌లో నాకు చోటు ఉండేది. నాకు నలభై దగ్గర పడుతోంది. కంపెనీ పనికి సెలవులు, ఇంట్లో మొహాలు, అన్నీ చూసుకుంటే మళ్ళీ ఇంతదూరం వస్తానని నమ్మకం లేదు. అవతల ఆడినవాడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఆఖరి ఆటలో తొమ్మిదో బంతి మీద వాడు తప్పాడు. నిజంగా తప్పాడు. నేను లేవబోయాను. ఆ బంతి అంచుకి కొట్టుకుని, తిరిగి, బల్లంతా షికారు చేసి, అటువైపు గుంతలో పడింది. పడితే చెల్లుతుంది. అదృష్టంతో పడితే ఆడినవాడు చెయ్యి ఎత్తి మన్నించమనడం ఆటలో మర్యాద. ఆ కుర్రాడు చెయ్యి ఎత్తాడు. నేను వాడితో చెయ్యి కలిపాను, మొహం చూడలేదు. కర్ర మాత్రం వాడు బల్ల వదిలి వచ్చేదాకా విప్పలేదు.

రైలెక్కినప్పటి నుంచీ వాడి మంచి షాటు ఒకటి వెతుకుతున్నాను, మాస్టారికి చెప్పాలి కదా. దొరకలేదు. కళ్ళు మూసుకుంటే ఆ బంతి బల్లంతా తిరుగుతూ కనిపించేది. పళ్ళు కొరుక్కుంటూ ఖరగ్‌పూర్ దాటాను, ఝార్‌గ్రామ్ దాటాను. తర్వాత ఘాట్‌శిలా వచ్చింది.

భుయ్యాడీహ్‌లో ఆయన ఇంటి నుంచి సువర్ణరేఖ ఒడ్డున శ్మశానఘాట్ దగ్గరే. బిర్సానగర్ కుర్రాళ్ళు, రైల్వే పాతవాళ్ళు వచ్చారు. అంతా మధ్యాహ్నానికల్లా అయిపోయింది. స్నానాలు చేసి వచ్చేసరికి ఇంట్లో చుట్టాలు తక్కువ, పక్కింటివాళ్ళు తెచ్చిన గిన్నెలు ఎక్కువ. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాకు వెళ్ళబుద్ధి కాలేదు. ముందుగదిలో ఆయన కుర్చీ, ఎదురుగా ఈ ఇంటికి వస్తే నేనెప్పుడూ కూర్చునే స్టూలు. బీరువా పక్కన గోడకి ఆనించి ఆయన కర్ర. బిగించే ఉంది.

నేను దానివైపు చూడడం చూసి ఆ అమ్మాయి చెప్పింది. ముందురోజు సాయంత్రం ఫోన్ నీళ్ళ చెంబుకి ఆనించుకుని, కర్ర పట్టుకుని, నా మ్యాచ్ మొత్తం లైవ్‌లో చూశారట. చివర నేను కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపేదాకా కదల్లేదట. అన్నానికి లేవమని, కర్ర తీసి పెట్టెయ్యనా అని ఈ అమ్మాయి అడిగిందట.

"బోలే, ఆయేగా, బతాయేగా, తబ్ ఖోలూంగా."

వాడొస్తాడు, చెప్తాడు, అప్పుడు విప్పుతాను. మ్యాచ్ అంతా కళ్ళారా చూసిన మనిషి, నేను వచ్చి చెప్పాలని కర్ర బిగించి ఉంచారు. అప్పటిదాకా ఘాట్ దగ్గర కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

కాసేపటికి ఆ అమ్మాయి మెల్లగా, "ఖోల్ దూఁ భయ్యా? టేఢీ హో జాయేగీ" అంది. విప్పకపోతే వంగిపోతుందని తనకీ తెలుసు, తండ్రి నోట విన్న మాటే.

"ఉండమ్మా. నేనింకా చెప్పలేదు" అన్నాను.

తను వంటింట్లోకి వెళ్ళింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. పాదాలు రెండూ నేలకి ఆనించాను. కర్ర తెచ్చి మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీ. వాడి మంచి షాటు ఇంకా దొరకలేదు మాస్టారూ, అన్నాను. జీవితంలో మొదటిసారి నియమం తప్పి, మొదటి ఆట నుంచి మొదలుపెట్టాను. మొదటి దెబ్బ ఎలా కొట్టాను, రెండో ఆటలో ఎక్కడ తొందరపడ్డాను, అన్నీ. ఒక్కో ఆట అయ్యాక అలవాటు కొద్దీ ఆగేవాణ్ణి. గోడ అవతల ఎవరిదో రేడియో. మళ్ళీ నేనే మొదలుపెట్టేవాణ్ణి.

ఆరో ఆట చెప్తుండగా నా నోట్లోంచే వచ్చింది. ఆ ఆటలో వాడు వంగి గురి చూస్తున్నాడు. అంతలో లేచి, చెయ్యి ఎత్తి, తన చొక్కా బంతికి తగిలిందన్నాడు. రిఫరీ చూడలేదు. నేనూ చూడలేదు. తప్పు వాడే చెప్పుకున్నాడు కాబట్టి వంతు నాకు వచ్చింది. ఆ ఆట నేను గెలిచాను. ఆ గెలుపే నన్ను ఆఖరి ఆట దాకా తీసుకెళ్ళింది. ఇంత దూరం రైలంతా వెతికినా గుర్తు రానిది, చెప్పుకుంటూ పోతే వచ్చింది.

"అదే మాస్టారూ, వాడి మంచి షాటు" అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. తనకి ఈ ఆట తెలియదు. నా వైపు కాదు, తండ్రి కుర్చీ వైపు చూస్తోంది. నేను మిగిలిన ఆటలు చెప్పాను. ఆఖరి ఆట చెప్పాను. బంతి అటు తిరిగి ఇటు తిరిగి గుంతలో పడిందని చెప్పాను. వాడు మళ్ళీ చెయ్యి ఎత్తాడని చెప్పాను. ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. తర్వాతేటి అని ఎవరూ అనలేదు.

కర్ర విప్పాలి కదా. కింది ముక్క ఎడమచేత్తో పట్టుకుని, పై ముక్క కుడిచేత్తో తిప్పాను. రాలేదు. ఎప్పటిలాగే గట్టిగా బిగించి వెళ్ళారు, ఆ చేతి ఆఖరి బిగింపు అది. కొంగుతోనో తువ్వాలుతోనో పట్టుకుని తిప్పితే వచ్చేదే.

నేను రెండోసారి తిప్పలేదు.